విహార నౌకల మేనిపై చిత్రాలు, లోగోలు: భిన్నాభిప్రాయాలు

క్రూయిజ్ షిప్పులుగా పేరుపడ్డ విహార నౌకల ఉక్కు మేనిపై వేసే భారీ చిత్రాలను, కంపెనీ గుర్తులను, జెండాలను, రాతలను కలిపి హల్ ఆర్ట్ అంటారు. మొన దగ్గర మొదలై పక్కల వెంట సాగే ఈ చిత్రాలు 1996లో జర్మన్ విహార నౌక ఐడాతో ప్రసిద్ధికెక్కాయి. 2000 తర్వాత నార్వేజియన్ క్రూయిజ్ లైన్ వాటిని తన ముద్రగా చేసుకుంది. తెల్లని మేను, రంగు పొగగొట్టం, మొన మీద పేరు మాత్రమే ఉండే పాత పద్ధతిని ఇష్టపడేవారికి ఇవి నచ్చవు. కొత్త ఓడలు ఎలాగూ అపార్ట్‌మెంట్ బ్లాకుల్లా తయారయ్యాయి, బొమ్మ ఉంటేనే వాటికి కాస్త కళ అనేవారూ ఉన్నారు.

ఈ తగవుకు రుచిభేదం ఒక్కటే మూలం కాదు. టికెట్ కొన్న ప్రయాణికుడు ఓడ ఎక్కాక ఆ బొమ్మను చూడలేడు. దాన్ని చూసేది రేవు పట్నం జనం, ఎదురొచ్చే ఓడలవాళ్లు, ఒడ్డు మీది కెమెరాలు. డబ్బు కట్టినవారికి కనబడకుండా కట్టనివారి కళ్లెదుట నిలిచే ఈ కళను ఓడ ముఖం అనాలా, ప్రకటన బోర్డు అనాలా, ఊరుమ్మడి గోడ అనాలా అన్న దగ్గరే అభిప్రాయాలు చీలుతున్నాయి.

పూర్వరంగం

ఓడను అలంకరించడం కొత్త కాదు. మధ్యధరా తీరాల్లోనూ చైనాలోనూ పడవ మొనకు రెండు పక్కలా కళ్లు గీసే ఆచారం ప్రాచీనమైనది. యూరప్ తెరచాప ఓడలకు మొన కింద చెక్కిన కొయ్యబొమ్మ ఉండేది. ఆవిరి ఓడల కాలానికి ఈ అలంకారాలు తగ్గి, ఫలానా కంపెనీ ఓడ అని చెప్పే పని పొగగొట్టానికి చేరింది. కునార్డ్ ఓడలకు నల్ల పట్టీల ఎర్ర గొట్టం, వైట్ స్టార్ ఓడలకు నల్ల అంచున్న లేత గోధుమరంగు గొట్టం ఆనవాళ్లు. మేను మాత్రం చాలావరకు నలుపే. బొగ్గు నింపేటప్పుడు పడే మసి ఆ నలుపులో కలిసిపోయేది.

ఎండ దేశాలకు నడిచే ఓడలు తెలుపుకు మారడానికి చల్లదనం ఒక కారణం. పి అండ్ ఓ కంపెనీ 1931-32లో స్ట్రాత్‌నేవర్, స్ట్రాతెయిర్డ్ అనే రెండు ఓడలకు తెల్లరంగు వేసి బొంబాయి మీదుగా ఆస్ట్రేలియా దారిలో నడిపింది. అంతవరకు ఆ కంపెనీ నల్ల ఓడలకు అలవాటుపడ్డ జనం వీటిని ‘తెల్ల అక్కచెల్లెళ్లు’ అన్నారు. 1949లో కునార్డ్ విహారయాత్రలకు దింపిన కరోనియాకు ఆకుపచ్చలో రకరకాల ఛాయలు పూశారు. దానికి ‘గ్రీన్ గాడెస్’ అన్న ముద్దుపేరు అలా వచ్చింది.

ఓడ మేనినంతటినీ చిత్రంగా మార్చిన తొలి పెద్ద ప్రయోగం యుద్ధంలో జరిగింది. 1917లో బ్రిటిష్ చిత్రకారుడు నార్మన్ విల్కిన్సన్ సూచన మేరకు ఓడలకు అడ్డదిడ్డపు చారలు, పదునైన కోణాలు పూశారు. ఓడను దాచడం దీని ఉద్దేశం కాదు. అది ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో తెలియక జలాంతర్గామి గురి తప్పాలన్నది ఎత్తుగడ. డాజిల్ అనే ఈ పద్ధతిలో ఒలింపిక్, మారిటేనియా వంటి ప్రయాణికుల ఓడలూ రంగులు పూసుకున్నాయి. దాన్ని స్మరిస్తూ 2015లో పీటర్ బ్లేక్ లివర్‌పూల్‌లోని స్నోడ్రాప్ అనే ఫెర్రీకి చిత్రాన్ని రూపొందించాడు.

ఓడ రంగులు మార్చి వెనక్కి తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. 1969లో సేవలోకి వచ్చిన కునార్డ్ ఓడ క్వీన్ ఎలిజబెత్ 2 పొగగొట్టం కంపెనీ సంప్రదాయపు ఎరుపులో కాక తెలుపు, నలుపుల్లో ఉండేది. ఫాక్లాండ్స్ యుద్ధసేవ ముగించుకొని వచ్చాక 1982లో గొట్టానికి ఎరుపు, మేనికి లేత బూడిదరంగు వేశారు. ఆ లేతరంగును మరకలు లేకుండా ఉంచడం కష్టమై, మరుసటి ఏడే మేనిని మళ్లీ ముదురురంగుకు మార్చారు.

బొమ్మల ఓడలు

ఫిన్లాండ్‌లోని తుర్కు నౌకానిర్మాణ కేంద్రంలో తయారైన ఐడా 1996లో సేవలోకి వచ్చింది. రోస్టాక్ చిత్రకారుడు ఫెలిక్స్ బ్యూట్నర్ దాని మొనకు ఎర్రని పెదవులు, రెండు పక్కలా కళ్లు, వాటి వెనుక అలల్లా సాగే గీతలు సమకూర్చాడు. ఒక్క ఓడకు గీసిన ఆ ముఖం తర్వాత ఐడా ఓడలన్నిటికీ వచ్చి కంపెనీ ట్రేడ్‌మార్క్ అయింది. చిత్రకారుడి చిత్రమే లోగోగా మారడం ఇక్కడి విశేషం. తొలి ఓడ 2001లో ఐడాకారాగా పేరు మార్చుకుని, 2021లో అమ్ముడై ఆస్టోరియా గ్రాండే అయింది. ముద్దు పెదవులు మాత్రం ఐడా సొత్తుగానే మిగిలాయి.

నార్వేజియన్ క్రూయిజ్ లైన్ దారి వేరు. నార్వేజియన్ డాన్ (2002) కాలం నుంచి ఈ కంపెనీ ఓడలన్నిటికీ ఒకే గుర్తు కాకుండా, ఓడకో బొమ్మ వేయించింది. జ్యుయెల్, పెర్ల్, జెమ్ అనే ఓడల పక్కల మీద వాటి పేర్లకు తగ్గట్టు రత్నాలు, ముత్యాలు మెరిశాయి. 2013 నుంచి పేరున్న కళాకారులకు ఈ పని అప్పగించింది. వాటిలో ముఖ్యమైనవి:

- నార్వేజియన్ బ్రేక్‌అవే (2013): పాప్ చిత్రకారుడు పీటర్ మాక్స్ వేసిన స్వేచ్ఛా ప్రతిమ, న్యూయార్క్ భవనాల వరుస.
- నార్వేజియన్ గెట్‌అవే (2014): మయామీ కళాకారుడు లెబో గీసిన మత్స్యకన్య.
- నార్వేజియన్ ఎస్కేప్ (2015): జమైకా మూలాలున్న సముద్రజీవ శాస్త్రవేత్త, చిత్రకారుడు గై హార్వీ వేసిన సముద్ర జీవులు.
- నార్వేజియన్ జాయ్ (2017): చైనా చిత్రకారుడు తాన్ పింగ్ రూపొందించిన ఫీనిక్స్ పక్షి.
- నార్వేజియన్ బ్లిస్ (2018): గోడల మీద తిమింగలాల చిత్రాలకు పేరుపొందిన వైలండ్ వేసిన తిమింగలాలు.
- నార్వేజియన్ ఎన్‌కోర్ (2019): స్పెయిన్ చిత్రకారుడు ఎద్వార్దో అర్రాంజ్ బ్రావో నైరూప్య చిత్రం.
- నార్వేజియన్ ప్రీమా (2022): పీటా పేరుతో ప్రసిద్ధుడైన ఇటలీ గ్రాఫిటీ కళాకారుడు మాన్యువెల్ డి రీటా వేసిన జ్యామితీయ రూపాలు.

ఆసియాలో 2016లో వచ్చిన జెంటింగ్ డ్రీమ్ ఓడపై షాంఘైలో పుట్టిన పాప్ కళాకారుడు జాకీ త్సాయ్ ఒక మత్స్యకన్య, ఒక వ్యోమగామి ప్రేమకథను చిత్రించాడు. బాల్టిక్ సముద్రంలో తిరిగే టాలింక్ ఓడ గెలాక్సీ పక్కల మీద ఎస్టోనియా చిత్రకారుడు నావిట్రోలా బొమ్మలు ఉండేవి. ఇటలీ ఫెర్రీ కంపెనీ మోబీ ఇంకా ముందుకు వెళ్లి, లూనీ ట్యూన్స్ కార్టూన్ పాత్రలతో ఓడలను నింపేసింది. జర్మనీకి చెందిన తుయి క్రూయిజెస్ నీలిరంగు మేని మీద పదాలనే అలంకారంగా రాయించుకుంది. వర్జిన్ వాయేజెస్ ఓడల మొనకు మత్స్యకన్య బొమ్మ ఉంటుంది.

జెండాలు, చిహ్నాలు

కథ చెప్పే చిత్రాల కంటే జెండాలు, చిహ్నాలు ఎక్కువ కోపతాపాలకు కారణమవుతాయి. బ్రిటన్‌లోని పి అండ్ ఓ క్రూయిజెస్ 2014లో తన కొత్త రంగులు ప్రకటించింది. తరాలుగా వస్తున్న లేత గోధుమరంగు పొగగొట్టం నీలంగా మారి దాని మీద ఉదయించే సూర్యుడు వచ్చాడు. మొన మీద యూనియన్ జాక్ పరుచుకుంది. 2015 మార్చి 10న సౌతాంప్టన్‌లో ఎలిజబెత్ రాణి నామకరణం చేసిన బ్రిటానియా మీద ఆ జెండా పొడవు 94 మీటర్లు. ఇది దేశాభిమానమని సంబరపడ్డవారూ ఉన్నారు, జెండాను సరుకు చేశారని విసుక్కున్నవారూ ఉన్నారు. ఓడ తయారైంది ఇటలీలోని మోన్‌ఫాల్కోనెలో. కంపెనీ అమెరికాలో కేంద్రమున్న కార్నివాల్ సమూహంలో భాగం. ఆ విసుగుకు ఈ సంగతులు తోడయ్యాయి.

అమెరికా జెండా, గద్ద బొమ్మలతో 2005లో వచ్చిన ప్రైడ్ ఆఫ్ అమెరికా కథా అలాంటిదే. మిసిసిపీలో మొదలైన దాని నిర్మాణం జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌లో పూర్తయింది. అయితే అది నిజంగానే అమెరికా జెండా కింద నమోదై హవాయి దీవుల మధ్య తిరుగుతుంది కాబట్టి బొమ్మకూ ఓడకూ పొంతన కుదిరింది.

ప్రిన్సెస్ క్రూయిజెస్ పొగగొట్టం మీద చాలా ఏళ్లుగా ఉన్న చిహ్నం, గాలికి జుట్టు ఎగిరే స్త్రీ ముఖం. 2017లో మెజెస్టిక్ ప్రిన్సెస్‌తో అది మొన మీదికి దిగి పెద్దదై, తర్వాత మిగతా ఓడలకూ వచ్చింది. గొట్టం మీద ఉన్నప్పుడు ఎవరూ తప్పుపట్టని గుర్తు బాగా పెరిగి పక్కకు రాగానే చర్చ మొదలైంది. చాలామందికి అభ్యంతరం గుర్తు మీద కాదు, దాని కొలత మీద.

విమానాల్లోనూ ఇలాంటి తగవు నడిచింది. 1997లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తోకల మీది జాతీయ రంగులు తీసి ప్రపంచ కళలు వేయించినప్పుడు బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ నమూనా విమానం తోకను చేతిరుమాలుతో కప్పేశారు. కొన్నేళ్లకే జెండా రంగులు తిరిగి వచ్చాయి. అక్కడ జెండా తీసేసినందుకు గొడవ, ఇక్కడ జెండా వేసినందుకు.

రంగుతో సరిపెట్టుకున్నవారు

బొమ్మ లేకుండా రంగుతోనే గుర్తింపు తెచ్చుకున్న కంపెనీలను సంప్రదాయవాదులు ఉదాహరణగా చూపుతారు. కునార్డ్ ఇప్పటికీ ముదురు మేను, ఎర్ర గొట్టాలకే కట్టుబడి ఉంది. సెలెబ్రిటీ ఓడల గొట్టం మీది ఎక్స్ గుర్తు నిజానికి గ్రీకు అక్షరం, స్థాపించిన చాండ్రిస్ కుటుంబం పేరులో మొదటిది. కార్నివాల్ 1982లో ట్రాపికేల్ ఓడకు పెట్టిన తిమింగలం తోక ఆకారపు గొట్టం వాస్తుశిల్పి జో ఫార్కస్ ఆలోచన. 2021లో ప్రయాణాలు మొదలుపెట్టిన మార్డీ గ్రా ఓడతో ఆ కంపెనీ మేనికి ముదురు నీలం, దాని మీద ఎరుపు, తెలుపు చారలు తెచ్చింది. నౌకాధికారుల దుస్తులే ఆ రంగులకు ప్రేరణ.

డిస్నీ మధ్యేమార్గం పట్టింది. 1998 నాటి డిస్నీ మ్యాజిక్ నుంచి దాని ఓడలకు నలుపనిపించే ముదురు నీలం మేను, ఎర్ర గొట్టాలు, మొన మీద బంగారు తీగల అలంకారం ఉంటాయి. 1930ల నాటి మహానౌకల పోలిక తేవాలన్నది ఆలోచన. కార్టూన్ పాత్రలు మాత్రం ఓడ వెనక భాగంలో శిల్పాలుగా వేలాడతాయి. మ్యాజిక్ మీద గూఫీ, వండర్ మీద డోనాల్డ్ డక్, 2022 నాటి విష్ మీద రపుంజెల్ కనిపిస్తారు. ఓడకు పెద్దరికం, పిల్లలకు సరదా రెండూ దక్కాయని హల్ ఆర్ట్ విమర్శకులు కూడా ఈ పద్ధతిని మెచ్చుకుంటారు.

వేసే తీరు, నియమాలు

కళాకారుడు కాగితం మీదో కంప్యూటర్ మీదో ఇచ్చిన చిత్రాన్ని ముందు ఓడ నక్షా మీదికి ఎక్కిస్తారు. కిటికీలు, బాల్కనీలు, లంగరు గూళ్లు, పైలట్ ఎక్కే తలుపులు ఎక్కడొస్తాయో చూసుకుని గీతలు సర్దుతారు. మొన దగ్గర మేను పైకి వెళ్లేకొద్దీ బయటికి విచ్చుకుంటుంది. సమతలం మీద సరిగ్గా ఉన్న ముఖం అక్కడ సాగిపోయి కనిపిస్తుంది. రేవు గట్టు మీద నిలబడ్డవారికి సరిగా కనబడేలా దాన్ని లెక్కగట్టి వంచాలి. తుప్పు ఆపే ఎపాక్సీ పూతల మీద, ఎండకు తట్టుకునే పై పూతలతో చిత్రం వేస్తారు. జర్మనీలోని పాపెన్‌బర్గ్ మేయర్ వెర్ఫ్ట్ వంటి చోట్ల కప్పు కింద ఓడలు కడతారు కాబట్టి వానా గాలీ పనికి అడ్డురావు.

చిత్రకారుడు ముట్టుకోకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. ఓడను ఎంతవరకు నింపవచ్చో చూపే ప్లిమ్‌సాల్ గీత 1876 నాటి బ్రిటిష్ చట్టంతో వచ్చి, నేటి అంతర్జాతీయ లోడ్ లైన్ నిబంధనల్లో కొనసాగుతోంది. ఓడ ఎంత లోతు మునిగిందో చెప్పే అంకెలు, పేరు, నమోదైన రేవు పేరు స్పష్టంగా కనబడాలి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పేరుతో ఓడకు ఉండే ఐఎంఓ గుర్తింపు సంఖ్యను శాశ్వతంగా కనబడేలా గుర్తించాలన్న నియమం 2004లో అమల్లోకి వచ్చింది. లైఫ్‌బోట్లు కొట్టొచ్చినట్లు కనబడే రంగులోనే ఉండాలి. మామూలుగా అది నారింజ. డిస్నీ తన పసుపు పడవలకు ప్రత్యేక అనుమతి తీసుకుంది. ఇంతకుమించి బొమ్మ బాగుండాలనో, ఊరికి నచ్చాలనో చెప్పే నియమమేదీ సముద్ర చట్టాల్లో లేదు.

సమర్థించేవారి వాదన

మొదటి వాదన ఓడ ఆకారానిది. పాత ఓడల మేను మొన దగ్గరా వెనకా లేచి నడుమ ఒంపు తిరిగేది. బాల్కనీ గదులకు గిరాకీ పెరిగాక కొత్త ఓడల పక్కలు నిట్టనిలువు గోడలయ్యాయి. ఆ గోడను విడగొట్టి కంటికి కదలిక చూపించే పని చిత్రం చేస్తుందని దీన్ని సమర్థించేవారు అంటారు.

రెండోది గుర్తింపు. ఒకే రేవులో నాలుగు తెల్ల ఓడలు నిలిచినప్పుడు ఏది ఎవరిదో మామూలు జనానికి తెలియదు. బొమ్మ ఉన్న ఓడను పిల్లలు కూడా పోల్చుకుంటారు. ఒడ్డున తీసిన ప్రతి ఫొటో కంపెనీకి ఖర్చులేని ప్రచారం. మూడోది కళ. గ్యాలరీ గడప తొక్కనివారి ముందుకు వందల అడుగుల చిత్రం తానే నడిచి వస్తుంది. వీధి గోడల మీద పనిచేసే పీటా, లెబో వంటి కళాకారులకు ఓడ మేను మరో పెద్ద గోడ.

విమర్శ

ఓడ అందం దాని గీతల్లోనే ఉందని, రంగు ఆ గీతలకు లోబడాలని ఓడల అభిమానులు అంటారు. బొమ్మ మొన వంపును చెరిపేసి, కంటిని ఓడ నుంచి బొమ్మకు లాగేస్తుందన్నది వారి ఫిర్యాదు. వయసు సంగతి ఇంకొకటి. ఓడ ఆయుష్షు ముప్ఫై ఏళ్లు దాటవచ్చు, చిత్ర శైలి పదేళ్లకే పాతబడవచ్చు. లంగరు గొలుసు రాపిడి, గట్టు దగ్గర గీతలు, తుప్పు చారలు తెల్ల గోడ మీద కంటే బొమ్మ ముఖం మీద ఎక్కువ ఎబ్బెట్టుగా ఉంటాయి. తెలుపైతే చెడ్డచోట పూసేయవచ్చు. చిత్రమైతే రంగు ఛాయ కలపాలి, గీత కలపాలి.

ఓడలు సొంత రేవు మార్చడం మరో చిక్కు. న్యూయార్క్ కోసం వేసిన బ్రేక్‌అవే కొన్నేళ్లకు న్యూ ఓర్లీన్స్ నుంచీ నడిచింది. చైనా ప్రయాణికుల కోసం ఫీనిక్స్ వేయించుకున్న జాయ్ 2019లో అలాస్కా యాత్రలకు మారింది. హవాయి సేవ కోసం 2004లో ప్రైడ్ ఆఫ్ అలోహాగా మారిన నార్వేజియన్ స్కై, 2008లో తిరిగి పాత పేరుకు వచ్చింది. ఒక ఊరి గర్వంగా వేసిన బొమ్మ ఇంకో ఊళ్లో అర్థం కోల్పోతుందని విమర్శకులు, అది యాత్రికుడిలా తన ఊరి కబురు మోసుకుపోతుందని సమర్థకులు వాదిస్తారు.

పర్యావరణం వైపు నుంచి వచ్చే విమర్శ పదునైనది. పెద్ద ఓడలు తిమింగలాలను ఢీకొనే ప్రమాదం నిజమైనది. ఇంధనం పొగ, వ్యర్థజలాల సమస్యలూ ఉన్నాయి. అలాంటి ఓడ పక్కన తిమింగలాలు, డాల్ఫిన్లు గీయడం జనాన్ని మభ్యపెట్టడమేనని ఈ వర్గం అంటుంది. హార్వీ, వైలండ్ ఇద్దరూ సముద్రజీవుల సంరక్షణకు పనిచేసినవారే కావడంతో, ఆ బొమ్మలు చూసినవారిలో కొందరైనా సముద్రం గురించి ఆలోచిస్తారన్న ఎదురువాదమూ ఉంది.

రేవు పట్నాల అభ్యంతరం బొమ్మ కంటే ఓడ పరిమాణం మీద ఎక్కువ. వెనిస్ నడిబొడ్డున శాన్ మార్కో ముందు నుంచి 25,000 టన్నులు దాటిన ఓడలు పోకుండా ఇటలీ 2021 ఆగస్టు 1 నుంచి నిషేధించింది. పాత చర్చీల కంటే ఎత్తైన ఓడ ఊరి ముందు నిలిచినప్పుడు, దాని పక్కన రంగుల బొమ్మ ఉంటే ఆ ఎత్తు మరింత కొట్టొచ్చినట్లు కనబడుతుంది. అలాంటి చోట్ల తెల్ల ఓడకూ బొమ్మ ఓడకూ తేడా కేవలం అభిరుచి విషయం కాదు.

చట్టం దృష్టిలో

ఓడ బొమ్మను ఫొటో తీసి వాడుకునే హక్కు ఎవరిది అన్న ప్రశ్న జర్మనీ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. ఈజిప్టులో విహారాలు ఏర్పాటుచేసే వ్యాపారి ఒకరు ముద్దు పెదవులున్న ఐడా ఓడ ఫొటోను తన ప్రచారంలో పెట్టుకోగా కంపెనీ దావా వేసింది. బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా ఉన్న కళాకృతులను ఎవరైనా ఫొటో తీయవచ్చన్న మినహాయింపు, ఊళ్లు తిరిగే ఓడ మీది చిత్రానికీ వర్తిస్తుందని 2017 ఏప్రిల్ 27న కోర్టు తీర్పిచ్చింది. ఓడ కదిలినా బొమ్మ దాని మీద శాశ్వతమే, రేవు నుంచి అందరికీ కనబడుతుంది అన్నది తర్కం. ఊరుమ్మడి గోడ వాదానికి ఈ తీర్పు బలమిచ్చింది.

అన్ని దేశాల్లో ఇలా లేదు. అమెరికాలో ఈ మినహాయింపు భవనాలకే పరిమితం. భారత కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్ బహిరంగ స్థలంలోని శిల్పాలకు, హస్తకళా కృతులకు ఇలాంటి వెసులుబాటు ఇచ్చింది గానీ వర్ణచిత్రాలను అందులో చేర్చలేదు.

భారతీయ రేవుల్లో

భారతదేశంలో ఈ చర్చ ఇంకా మొలక దశలోనే ఉంది. కార్డెలియా సంస్థ నడిపే ఎంప్రెస్ 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి యాత్రలు చేసింది. 2023లో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఎంప్రెస్ 1990లో నార్డిక్ ఎంప్రెస్‌గా పుట్టి, రాయల్ కరీబియన్, స్పెయిన్‌కు చెందిన పుల్‌మంటూర్ కంపెనీల్లో పనిచేసి వచ్చిన ఓడ. చేతులు మారినప్పుడల్లా గుర్తులు మారాయి. 2025లో ప్రకటించిన ఒప్పందం ప్రకారం నార్వేజియన్ స్కై, నార్వేజియన్ సన్ కూడా దీర్ఘకాలిక చార్టర్ మీద కార్డెలియాకు రావలసినవి. రెండూ హల్ ఆర్ట్‌ను తన ముద్రగా చేసుకున్న కంపెనీ ఓడలే.

అంచనా

ఇటీవలి ఓడల్లో రెండు దారులు కనిపిస్తాయి. కార్నివాల్, ప్రిన్సెస్, పి అండ్ ఓ వంటివి ఓడలన్నిటికీ ఒకే గుర్తు వేసి ఖర్చు, గందరగోళం తగ్గించుకున్నాయి. నార్వేజియన్ ఓడకో కళాకారుణ్ణి పిలిచి, క్రమంగా ఊళ్ల బొమ్మల నుంచి ఏ ఊరికైనా సరిపడే నైరూప్య రూపాలకు జరిగింది. అంటే సొంత రేవు మారితే అర్థం పోతుందన్న విమర్శకు సమాధానం చిత్రాల్లోనే వచ్చింది. తుప్పు చారల చిక్కుకు రంగుల పరిశ్రమ ఎంతో కొంత పరిష్కారం చూపుతోంది. తేలనిది ఒడ్డున ఉన్నవారి మాట. ఓడ ఎంత పొగ వదలాలో, ఎంత బరువు మోయాలో రేవులు, దేశాలు నిర్ణయిస్తున్నాయి. దాని పక్కన ఏ బొమ్మ ఉండాలన్నది మాత్రం ఇప్పటికీ కంపెనీ ఒక్కటే నిర్ణయిస్తోంది. ఆ బొమ్మను చూడక తప్పని ఊళ్లకు అందులో పాత్ర దొరికేదాకా ఈ భిన్నాభిప్రాయాలు తీరేవి కావు.